ఎర్ర డబ్బా వెనక ఉన్న గుమస్తా

బ్రిటన్‌లో కొంతమందికి పాత పోస్టు డబ్బాలు వెతుక్కుంటూ తిరగడం ఒక హాబీ. దాదాపు ప్రతి డబ్బా మీదా అది పెట్టిన కాలంలో ఉన్న రాజు లేదా రాణి పొడి అక్షరాలు ఉంటాయి కాబట్టి దాని వయసు ఇట్టే తెలిసిపోతుంది. ఎనిమిదో ఎడ్వర్డ్ 1936లో ఏడాది కూడా ఏలలేదు. అందుకే ఆయన అక్షరాలున్న డబ్బా కనబడితే వాళ్ళకి పండగే. అయితే అక్కడ ఆ డబ్బాలు రావడానికి కారణమైన మనిషి రాజు కాదు, ఒక పోస్టాఫీసు ఉద్యోగి. పేరు ఆంథొనీ ట్రోలప్. అవును, నవలలు రాసిన ట్రోలపే.

ఆయన 1815లో లండన్‌లో పుట్టాడు. తండ్రికి లాయరు ప్రాక్టీసు నడవలేదు, వ్యవసాయమూ కలిసి రాలేదు. హారోలో గొప్పింటి పిల్లలు చదివే స్కూల్‌కి ఈ పిల్లాడు బురద దారుల్లో నడిచి వెళ్ళేవాడు. ఆ మాసిన బట్టలు చూసి తోటి పిల్లలు దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. తల్లి పుస్తకాలు రాసి ఇల్లు నెట్టుకొచ్చింది. 1834లో అప్పులవాళ్ళకి దొరక్కుండా కుటుంబం బెల్జియం వెళ్ళిపోయింది. అదే ఏడాది ఆంథొనీ ఏడాదికి 90 పౌండ్ల జీతానికి లండన్ పోస్టాఫీసులో గుమస్తాగా చేరాడు. అప్పటికి 19 ఏళ్ళు. నా వయసే, అందుకే అక్కడ కాసేపు ఆగిపోయాను.

ఏడేళ్ళు చెత్తగా పనిచేశాడు. ఆలస్యంగా రావడం, అప్పులు చేయడం, పైవాళ్ళ చేత తిట్లు తినడం. 1841లో ఐర్లండ్‌లో ఒక పోస్టు ఖాళీ అయితే తనే అడిగి వెళ్ళాడు. అక్కడ మనిషే మారిపోయాడు. గుర్రమెక్కి పల్లెలు తిరుగుతూ ఉత్తరాలు ఏ దారిలో ఎలా చేరుతున్నాయో స్వయంగా చూసేవాడు. పెళ్ళి, మొదటి నవల కూడా అక్కడున్నప్పుడే.

1851లో ఆయన్ని ఛానెల్ దీవులకి పంపారు. అక్కడ టపా ఓడ ఎప్పుడు బయలుదేరేదీ సముద్రం పోటునిబట్టి, వాతావరణాన్నిబట్టి మారిపోయేది. ఉత్తరం వేయాలంటే జనం ఊళ్ళో ఉన్న ఆఫీసు దాకా నడవాలి. 1840లోనే స్టాంపులు వచ్చేశాయి, అంటే డబ్బు ముందే కట్టేసినట్టే. ఇంక కౌంటర్ దగ్గర మనిషి ఎందుకు? ఫ్రాన్స్‌లో లాగా రోడ్డు పక్కన ఇనప డబ్బాలు పెడదామని రిపోర్ట్ రాశాడు. ఐడియా సొంతం కాదు, కానీ ఎక్కడ పనికొస్తుందో పట్టుకున్నది ఆయనే. 1852 నవంబర్ 23న జెర్సీ దీవిలోని సెయింట్ హీలియర్‌లో నాలుగు డబ్బాలు మొదలయ్యాయి. తర్వాతి ఏడాది గెర్న్‌సీ, కార్లైల్, 1855లో లండన్. మధ్యలో ఆకుపచ్చ రంగు వేశారు. జనానికి సరిగా కనబడట్లేదని 1874 నుంచి ఎరుపుకి మార్చారు.

తమాషా ఏంటంటే, తర్వాత ఆయనే ఒక నవలలో ఈ డబ్బాలని అస్సలు నమ్మని పెద్దావిడ పాత్ర రాశాడు. ఆవిడ ఉత్తరాలన్నీ పోస్టాఫీసుకే వెళ్ళాలి!

రోజూ తెల్లారగట్ల లేచి, గడియారం ముందు పెట్టుకుని, పావుగంటకి 250 పదాల లెక్కన రాసి, తర్వాత డ్యూటీకి వెళ్ళేవాడు. అలా 47 నవలలు. ఆఫీసులో మాత్రం 1864లో రావాల్సిన ప్రమోషన్ ఇంకొకరికి వెళ్ళింది. 1867లో రాజీనామా చేశాడు. 1882లో చనిపోయాడు. మరుసటి ఏడాది వచ్చిన ఆత్మకథలో ఈ గడియారం లెక్క బయటపడేసరికి, రచనంటే ఇలా కూలి లెక్కా అని చాలామంది మొహం చిట్లించారు. నవలల పేరు కొన్నేళ్ళు మసకబారింది.

గెర్న్‌సీలో సెయింట్ పీటర్ పోర్ట్ ఊళ్ళో, యూనియన్ స్ట్రీట్‌లో ఆ 1853 నాటి డబ్బా ఒకటి ఇంకా నిలబడి ఉంది. అందులో ఉత్తరం వేస్తే ఇప్పటికీ వెళ్తుంది.