పరలోకపు తండ్రిని నమ్మిన జార్జి ముల్లరు గారు

దేవుని తండ్రియని పిలుచుట మనకు చిన్ననాటినుండి అలవాటైన మాట. ప్రతి ఉదయమున ప్రార్థనలో ఆ పేరు మన నోట వచ్చుచునే యుండును. అయితే తండ్రీ యని పలుకుట వేరు, ఆ తండ్రికి బిడ్డవలె బ్రతుకుట వేరు. ఈ భేదమును తన జీవితముచేత చూపిన జార్జి ముల్లరు గారి చరిత్రమును ఈ యేడు మీ యెదుట నుంచుచున్నాము.

ఆయన 1805వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీని ప్రష్యా రాజ్యమందు జన్మించెను. తండ్రి సర్కారు సుంకములు వసూలుచేయు ఉద్యోగి. కుమారులు సొమ్మును పొదుపుగా వాడ నేర్చుకొనవలెనని ఆయన వారి చేతికి రూకలిచ్చి లెక్క యడుగుచుండెను. జార్జి ఆ రూకలను పాడుచేసి, దొంగలెక్కలు చూపుచుండెను. పదియేండ్లు నిండకమునుపే సర్కారు సొమ్మును పలుమారు దొంగిలించెను. ఒకనాడు తండ్రి అనుమానించి, కొంత సొమ్ము లెక్కించి గదిలో విడిచిపోగా, బాలుడు అందులో కొంత తీసి బూటులో కాలిక్రింద దాచి పట్టుబడెను. దెబ్బలు తినినను బుద్ధి రాలేదు. ఇకమీదట మరింత నేర్పుగా దొంగిలించుట యెట్లని మాత్రమే ఆలోచించెను. పదునాలుగవ యేట తల్లి మరణించిన రాత్రి, ఆమె స్థితి నెరుగక, పేకాటలో నుండెను. పదునారవ యేట సత్రములవారికి బాకీపడి చెరసాల పాలయ్యెను. అప్పుడును బాకీ తీర్చి విడిపించినది ఆ తండ్రియే.

1825లో ఆయన హాలె విశ్వవిద్యాలయమున వేదాంతశాస్త్రము చదువుచుండెను. గురుత్వమున కేర్పడిన చదువే గాని, మనస్సు మాత్రము మారలేదు. ఆ నవంబరు నెలలో ఒక శనివారము సాయంకాలమున స్నేహితునితోగూడ ఒక గృహమునకు పోయెను. అచ్చట కొందరు సామాన్యజనులు కూడియుండగా, వారిలో నొకడు మోకాళ్లూని ప్రార్థించెను. మోకాళ్లూని ప్రార్థించు మనుష్యుని ముల్లరు అంతవరకు చూచి యుండలేదు. దేవుడు సమీపమున నుండి వినుచున్నాడని నమ్మినవాడే అట్లు చేయునని ఆయనకు తోచెను. తప్పిపోయిన కుమారుని తిరుగుప్రయాణము ఆ రాత్రియే ఆరంభమయ్యెను.

మిషనరీగా పోవలెనని ఆయన కోరగా, కుమారుడు మంచి జీతముగల గురువై తనను ముసలితనమున పోషించునని యెదురుచూచిన తండ్రికి కోపము వచ్చెను. తండ్రి కోరిక నెరవేర్చనప్పుడు ఆయన సొమ్ము తీసికొనుట న్యాయము కాదని ముల్లరు ఎంచి, అమెరికానుండి వచ్చిన పండితులకు జర్మను భాష నేర్పి తన ఖర్చులు జరుపుకొనెను. ఒకప్పుడు దొంగిలించిన చెయ్యి ఇప్పుడు ఇయ్యబడిన సొమ్మును సయితము మానుకొనెను. దేవుని తండ్రిగా నెరిగినవానిలో కలుగు మొదటి మార్పు ఇదియే యని మేము తలంచుచున్నాము.

1829లో ఇంగ్లండు చేరి, 1832లో బ్రిస్టలు పట్టణమున కాపురముండెను. అచ్చటి బీదక్రైస్తవులు కొందరు దినమునకు పదునాలుగు, పదునారు గంటలు పాటుపడి, పని తగ్గించినయెడల కూడు దొరకదని భయపడుచుండిరి. దేవుడు నేడును తన బిడ్డలను పోషించునని వారికి కన్నులార చూపుటకై ముల్లరు అనాథశాల తెరవ నిశ్చయించెను. ఇల్లు, సామాను, పనివారు, సొమ్ము అన్నియు ప్రార్థనవలన సమకూడెను. 1836 ఫిబ్రవరి 3వ తేదీని పిల్లలను చేర్చుకొనుటకు దరఖాస్తులు తీసికొందుమని తెలిపియుండగా, ఆ దినమున ఒక్కటియు రాలేదు! అన్నిటికొరకు ప్రార్థించి, పిల్లలకొరకు మాత్రము అడుగ మరచితినని ఆయన గ్రహించి, సాష్టాంగపడి వేడుకొనెను. దరఖాస్తులు మరునాటినుండి రాసాగెను. ముప్పదిమంది బాలికలకై ఆరంభమైన ఆ పని, 1870 నాటికి ఆష్లీ డౌను కొండమీద అయిదు గొప్ప గృహములై 2,050 మంది పిల్లలకు చోటిచ్చెను.

ఆయన మనుష్యులను సొమ్ము యాచింపలేదు, అప్పు చేయలేదు. ఉదయమున నిలువ యేమియు లేక, ఉపాధ్యాయులు తమ సొంత రూకలు తెచ్చి పెట్టిన దినములును గలవు. వచ్చిన ప్రతి కాసునకు లెక్క వ్రాసి, యేటేట అచ్చువేయించి లోకమునకు చూపెను. తండ్రికి దొంగలెక్క చూపిన బాలుడే యితడని జ్ఞాపకముంచుకొనుడి.

నమ్మకమనగా సోమరితనము కాదు. 1857వ సంవత్సరపు చలికాలమున గృహమును వెచ్చగా నుంచు బాయిలరు కారసాగెను. మరమ్మతునకు నిప్పు ఆర్పవలెను. ఆర్పినచో పిల్లలు చలికి వణకుదురు. ఆయన పనివారిని పిలిపించి, దినము నిర్ణయించి, ఉత్తరపు చలిగాలి దక్షిణపుగాలిగా మారవలెననియు, పనివారికి పనియందు మనస్సు కలుగవలెననియు ప్రార్థించెను. ఆ దినమున దక్షిణపుగాలి వీచెను. పనివారు రాత్రియెల్ల పనిచేయుటకు తామే యొప్పుకొనిరి. పాఠము చదువక పరీక్షకొరకు ప్రార్థించు విద్యార్థి ఈ సంగతిని బాగుగా ఆలోచింపవలెను.

అయితే అడిగినదెల్ల ఆయనకు దొరకెనా? లేదు. 1835లో ఆయన యేకకుమారుడు పసితనముననే మరణించెను. 1870లో నలువది యేండ్ల సహధర్మిణియైన మేరీ గారు గతించిరి. భార్య సమాధికార్యమునందు ఆయనయే ప్రసంగించి, ఆమెను ఇచ్చుటయందును తీసికొనుటయందును దేవుడు మేలే చేసెనని సాక్ష్యమిచ్చెను. ఇచ్చిన దినమున మాత్రమే తండ్రియని పిలుచుట బేరము. ఇయ్యని దినమున సయితము ఆ చెయ్యి విడువక పట్టుకొనుట బిడ్డతనము.

మేరీ గారి సహోదరుడైన ఆంథొనీ గ్రోవ్సు గారి వెంట 1836లో, అనగా మొదటి అనాథశాల తెరచిన యేటనే, బౌడెను, బీరు అను ఇద్దరు దంపతులతో హిందూదేశమునకు వచ్చి, పిదప నరసాపురమున గోదావరి డెల్టా మిషను స్థాపించిరి. కాబట్టి ఈ చరిత్రము తెలుగువారికి కేవలము పరాయిది కాదు.

ముల్లరు గారు 1898వ సంవత్సరము మార్చి 10వ తేదీని నిద్రించిరి. ఆయన సంరక్షణలో పెరిగిన అనాథలు సుమారు పదివేలమంది.

మీలో కొందరికి తండ్రి లేడు. కొందరి తండ్రులు దూరదేశమున కష్టపడుచున్నారు. కొందరు తండ్రి ముఖము చూచుటకే భయపడుదురు. మీకందరికిని ఒక తండ్రి యున్నాడు. ఆయన యొద్ద లెక్క దాచకుడి, అవసరము దాచకుడి. తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఆ తండ్రిని మొదట మీ ముఖములయందే చూతురని మరువకుడి. ఆయన కృప మనకందరికిని తోడైయుండును గాక.