కోకా సుబ్బారావు: సంఖ్యకు తలవంచని న్యాయమూర్తి

ఏ రాష్ట్రంలో స్థిరపడినా మొత్తం లెక్కలో మనం తక్కువే. హోసూరులో, కోలారులో, బరంపురంలో, షోలాపూరులో మన వీధులు మనకున్నాయి, మన పెళ్లిళ్లు, పండుగలు మనకున్నాయి. కానీ మన ఓట్ల బలంతో శాసనసభలో ఒక చట్టాన్ని ఆపడం అయ్యే పని కాదు. అందుకే బడిలో మన భాషకు చోటు పోతుందనుకున్నప్పుడు చివరికి కోర్టు గడప తొక్కుతాం. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యాస చట్టం వచ్చాక తెలుగు పిల్లల తరఫున హైకోర్టుకు వెళ్లింది కూడా ఇందుకే. ఎక్కువమంది చేతులెత్తినంత మాత్రాన తక్కువమంది హక్కు పోకూడదని నమ్మి, ఆ నమ్మకాన్ని తీర్పుల్లో రాసిన తెలుగువారు ఒకరున్నారు. ఆయనే కోకా సుబ్బారావు.

ఆయన 1902 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. మద్రాసు లా కాలేజీలో చదివి, అక్కడే వకీలుగా స్థిరపడ్డారు. బావమరిది పి.వి. రాజమన్నార్‌తో కలిసి ప్రాక్టీసు నడిపారు. ఆ రాజమన్నార్ తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. తెలుగులో నాటకాలు రాసిన ఆయన పేరు మద్రాసు తెలుగువారికి కొత్త కాదు. అప్పట్లో మద్రాసు హైకోర్టు అంటే మన పెద్దల్లో చాలామందికి సొంత కోర్టే. 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు కిందే ఉండేవి. బళ్లారి 1953 దాకా అక్కడే ఉంది. యానాం వాళ్లు ఈనాటికీ అప్పీలుకు మద్రాసే వెళ్తున్నారు.

1948లో సుబ్బారావు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మరుసటి ఏడాది గుంటూరులో కొత్త హైకోర్టు మొదలైనప్పుడు దానికి తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956లో కోర్టు హైదరాబాదుకు మారాక కూడా ఆ పదవిలో కొనసాగారు. 1958 జనవరి 31న సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అదే ఏడాది కృష్ణా జిల్లా బస్సుల కేసు వచ్చింది. ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వ రవాణా సంస్థకు ఇచ్చే పథకం మీద యజమానులు అభ్యంతరాలు చెప్పారు. ఆ అభ్యంతరాలు విన్నది ఒక అధికారి, నిర్ణయం చేసింది ముఖ్యమంత్రి. పైగా విన్న అధికారి ఆ శాఖకే కార్యదర్శి. వినేది ఒకరు, తేల్చేది ఇంకొకరు అయితే ఆ విచారణకు అర్థం లేదని సుబ్బారావు తేల్చారు. ఈరోజు ఏ ఆఫీసులోనైనా మన మాట వినకుండా నిర్ణయం చేశారని మనం అడ్డం తిరిగితే, మన వెనుక నిలబడేది ఇలాంటి తీర్పులే.

బొంబాయి మనవాళ్లకు నానావతి కేసు గుర్తుండే ఉంటుంది. భార్యతో సంబంధం పెట్టుకున్న వ్యక్తిని ఒక నౌకాదళ అధికారి కాల్చి చంపాడు. పత్రికలు, జనం అతని పక్షం వహించారు. జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, కాదన్నది ఒక్కరే. బొంబాయి హైకోర్టు ఆ మాటను పక్కన పెట్టి యావజ్జీవ శిక్ష వేసింది. 1961 నవంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. ఆ తీర్పు రాసింది సుబ్బారావే. వీధిలో ఎంత సానుభూతి ఉన్నా సాక్ష్యం చెప్పేదే ఆయనకు ముఖ్యం.

మరుసటి ఏడాది ఖడక్ సింగ్ కేసు వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన మనిషి ఆయన. అయినా పోలీసులు ఆయన పేరున చిట్టా తెరిచి, రాత్రిపూట తలుపు తట్టి లేపేవారు, రాకపోకల మీద నిఘా పెట్టేవారు. ఎక్కువమంది న్యాయమూర్తులు రాత్రి తలుపు తట్టడాన్ని మాత్రమే కొట్టేసి, మిగతా నిఘాను ఉంచారు. సుబ్బారావు, జె.సి. షా ఒప్పుకోలేదు. ఎవరో ఎప్పుడూ కనిపెట్టి చూస్తుంటే మనిషికి స్వేచ్ఛ ఎక్కడిదన్నది సుబ్బారావు వాదన. ఆనాడు ఆయనది ఓడిన పక్షం. 2017 ఆగస్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పినప్పుడు, 55 ఏళ్ల కిందటి ఆ భిన్నాభిప్రాయమే సరైనదని ఒప్పుకుంది.

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ తీర్పు వచ్చింది. పంజాబులో ఒక కుటుంబానికి పరిమితికి మించి ఉన్న భూమి గురించిన కేసు అది. కానీ అసలు ప్రశ్న వేరు. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి ప్రాథమిక హక్కులను తీసేయవచ్చా? ఆరుగురు వద్దన్నారు, ఐదుగురు కావచ్చన్నారు. అంతవరకు జరిగిన భూసంస్కరణలు తలకిందులు కాకుండా, తీర్పు ఇకముందుకే వర్తిస్తుందని సుబ్బారావు ఒక దారి చూపారు.

ఈ తీర్పు భూస్వాములకు కొమ్ము కాసిందని అప్పుడే విమర్శ వచ్చింది. ఆ విమర్శలో పస లేదనలేం, ఎందుకంటే ఆనాడు ఆస్తి కూడా ప్రాథమిక హక్కే. కానీ అదే భాగంలో 29, 30 అధికరణాలున్నాయి. మన భాషను కాపాడుకునే హక్కు, మన బడి మనం పెట్టుకునే హక్కు అక్కడివే. సవరణతో ఒకటి తీసేయగలిగితే రెండోదీ తీసేయగలరు. లెక్కకు తక్కువగా ఉన్నవాళ్లం మనం ఈ సంగతి మరవకూడదు.

ఏప్రిల్ 10న ఆయన ధర్మాసనం మరో తీర్పు చెప్పింది. విదేశానికి వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా అధికారి ఇష్టం కొద్దీ పాస్‌పోర్టు నిరాకరించకూడదనీ దాని సారం. ఆ ఏడాదే పాస్‌పోర్టు చట్టం వచ్చింది. పిల్లలను విదేశాలకు పంపే మన ఇళ్లన్నీ ఆ తీర్పు ఫలం అనుభవిస్తున్నవే.

ఆ మర్నాడే, ఏప్రిల్ 11న, ఆయన రాజీనామా చేశారు. ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. పదవీ విరమణకు అప్పటికి మూడు నెలలే ఉంది. మే 6న పోలింగ్ జరిగింది. జాకీర్ హుసేన్‌కు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి.

ఇక్కడ మనం మొహమాటపడకుండా మాట్లాడుకోవాలి. చట్టప్రకారం ఆయన చేసినదాంట్లో తప్పు లేదు. కానీ ప్రభుత్వానికి వ్యతిరేకంగా అంత పెద్ద తీర్పు చెప్పి ఆరు వారాలకే ప్రతిపక్షం తరఫున నిలబడితే, ఆ తీర్పు వెనుక ఏముందోనని జనం అడగరా? అడిగారు. ఆయన నిజాయితీని అనుమానించడానికి మనకు ఆధారమేమీ లేదు. అయినా న్యాయమూర్తి నిష్పక్షపాతంగా ఉంటే చాలదు, ఓడిన కక్షిదారుకూ అలా కనిపించాలి. బస్సుల కేసులో ఆయన పట్టుకున్న సూత్రమూ దాదాపు ఇదే. పదవి దిగిన న్యాయమూర్తులు రాజకీయాల్లోకి వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న మళ్లీ లేస్తూనే ఉంది.

1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదముగ్గురు న్యాయమూర్తులు గోలక్‌నాథ్ తీర్పును పక్కన పెట్టారు. కానీ రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మాత్రం పార్లమెంటు మార్చలేదని చెప్పారు. సుబ్బారావు వేసిన తలుపు కొంచెం తెరుచుకుంది, గడియ మాత్రం ఊడలేదు.

ఎమర్జెన్సీలో, 1976 ఏప్రిల్ 28న, నిర్బంధంలో ఉన్నవాళ్లు కోర్టుకు రాలేరని సుప్రీంకోర్టు చెప్పింది. ఒప్పుకోనిది హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే. ఎనిమిది రోజుల తర్వాత, మే 6న, సుబ్బారావు కన్నుమూశారు.

మన పిల్లలకు ఆయన్ని సుప్రీంకోర్టులో పెద్ద పదవి చేసిన తెలుగాయనగా చెప్పి ఊరుకోవద్దు. ఆయన తీర్పులు ఎవరికి అండగా నిలిచాయో చెబుదాం. చివర్లో ఆయన వేసిన అడుగు ఎందుకు ప్రశ్నకు గురైందో కూడా చెబుదాం. మన అర్జీ పట్టుకుని రేపు మనం ఎక్కే కోర్టు మెట్లు గట్టిగా ఉండాలంటే ఈ రెండూ తెలిసి ఉండాలి.