జ్యూరీ పుస్తకంలో దొంగ పేర్లు

స్కాట్స్‌బరో కేసు అనగానే తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్లు గుర్తొస్తారు. వారిలో చివరిదాకా బతికినవాడు క్లారెన్స్ నోరిస్. 1912లో అమెరికాలోని జార్జియాలో, పెద్ద రైతుల భూమిని పాలుకు చేసుకునే కుటుంబంలో పుట్టాడు. బడికి వెళ్లింది తక్కువ.

1931 మార్చి 25న అతనెక్కిన గూడ్సు రైల్లో తెల్ల, నల్ల కుర్రాళ్ల మధ్య కొట్లాట జరిగింది. అలబామాలోని పెయింట్ రాక్‌లో తుపాకులతో కాపుకాసిన గుంపు తొమ్మిది మందిని దించింది. అదే రైల్లో ఉన్న ఇద్దరు తెల్ల స్త్రీలు తమపై అత్యాచారం జరిగిందన్నారు. సుమారు రెండు వారాల్లోనే, అంతా తెల్లవాళ్లే ఉన్న జ్యూరీల ముందు విచారణలు ముగిశాయి. ఎనిమిది మందికి మరణశిక్ష పడింది.

ఆ విచారణలో నోరిస్ తోటివాళ్ల మీదే సాక్ష్యం చెప్పాడు. కొట్టి చెప్పించారని తర్వాత వివరించాడు. దీన్ని దాచి అతణ్ని వీరుడిగా నిలబెట్టాల్సిన పనిలేదు. పద్దెనిమిదేళ్లవాడు, కోర్టు బయట వేలమంది గుంపు.

సరైన న్యాయవాది సాయం అందలేదంటూ 1932లో సుప్రీంకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. మరుసటి ఏడాది రూబీ బేట్స్ తాను చెప్పింది అబద్ధమని కోర్టులోనే ఒప్పుకుంది. అయినా ఆ ఏడాది చివర్లో నోరిస్‌కు మళ్లీ ఉరికుర్చీయే, అంటే అక్కడి విద్యుత్ కుర్చీ.

అసలు మలుపు ఇక్కడే. జాక్సన్ కౌంటీలో నల్లవాళ్లను జ్యూరీలోకి ఎందుకు పిలవరని న్యాయవాది శామ్యూల్ లీబోవిట్జ్ నిలదీశాడు. అధికారులు జాబితా పుస్తకం తెరిచి కొన్ని నల్లవాళ్ల పేర్లు చూపించారు. అవి తర్వాత ఇరికించినవని చేతిరాత నిపుణుడు చెప్పాడు. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు భూతద్దం పెట్టి ఆ పేజీలు చూశారు. 1935లో నోరిస్ శిక్ష రద్దయింది. తీర్పు చెప్పే పీటలపై ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న మనకూ కొత్తది కాదు కనుక, ఈ తీర్పును దళిత విద్యార్థులు చదవాలని నా కోరిక.

1937లో మూడోసారి మరణశిక్ష. అదే నెలలో, అదే ఆరోపణపై ఉన్న నలుగురిని ప్రభుత్వమే వదిలేసింది! 1938లో గవర్నర్ అతని శిక్షను యావజ్జీవంగా మార్చాడు. 1946లో పెరోల్‌పై బయటికొచ్చి, షరతులు దాటి ఉత్తరాదికి పారిపోయాడు. న్యూయార్క్‌లో సోదరుడి పేరు పెట్టుకుని ఏళ్లతరబడి బతికాడు.

1976లో అలబామా అతనికి క్షమాభిక్ష ఇచ్చింది. సంతకం చేసింది ఒకప్పుడు జాతివేర్పాటు శాశ్వతమని శపథం చేసిన గవర్నర్ జార్జ్ వాలెస్. చేయని నేరానికి క్షమాభిక్ష! పోయిన ఏళ్లకు నోరిస్ పరిహారం అడిగాడు. రాష్ట్రం ఇవ్వలేదు. 1989 జనవరిలో చనిపోయాడు.