పురపాలక సభలో నలుబది యేండ్లు

పుత్తూరు, నగరి, నారాయణవనము ప్రాంతములవారు పెండ్లిపట్టు కొనుటకు చెన్నపట్టణము పోవుట చిరకాలపు వాడుక. వారు అంగడి అంగడి తిరుగు పేట త్యాగరాయనగరము. పలుకుటకు సులువని దానిని టీ నగరు అనుచున్నారు. పూర్తి పేరు విన్నవారిలో పలువురికి తిరువయ్యారు గానమూర్తియే స్ఫురించును. కాని ఆ పేట వెలసినది ఆయన పేర కాదు. మగ్గమును నమ్ముకొన్న కులమున పుట్టి, నలుబది యేండ్లు నగరపు మంచినీటిని గూర్చియు మురుగునీటిని గూర్చియు సభలో కూర్చుండి మాటలాడిన ఒక తెలుగు పెద్దమనిషి పేర అది వెలసినది.

పిట్టి త్యాగరాయ శెట్టిగారు 1852 ఏప్రిల్ 27వ తేదీన దేవాంగ కుటుంబమున జన్మించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి పట్టభద్రులైరి. ఆ కాలమున బి. ఏ. చదివినవాడు సర్కారు కొలువునకో న్యాయవాదవృత్తికో పోవుట పరిపాటి. ఆయన తిరిగి మగ్గముల కడకే వచ్చిరి. ఉత్తర మదరాసునందలి వాషర్మన్‌పేటలో నేతశాల నెలకొల్పి, త్రాడు లాగినంతనే పరుగెత్తు నాడె గల మగ్గములతో ప్రయోగములు సాగించిరి. 1909లో దక్షిణభారత వర్తకసంఘము ఏర్పడినపుడు దాని స్థాపకులలో ఒకరైరి.

ఆయన నగరపాలక సభలో అడుగిడినది 1882లో. అప్పటి మదరాసు జనసంఖ్య నాలుగు లక్షలకు పైచిలుకు. ఆ జనమునకు త్రాగునీరు వచ్చు త్రోవ పుత్తూరు, నగరివారు వినదగినది. నగరి కొండలలో కురిసిన వాన కుశస్థలిని చేరును. ఆ నది నీరు తామరపాక్కము ఆనకట్ట వద్ద మలుపు తిరిగి, చోళవరము మీదుగా రెడ్‌హిల్సు చెఱువునకు పోవును. అక్కడినుండి 1872 మొదలు తెరపికాలువగుండ పట్టణమునకు వచ్చుచుండెను. వడగట్టు ఏర్పాటు లేదు. కీల్పాకములో ఇసుకవడపోత తొట్లు పనిచేయ మొదలిడినది 1914లో. అనగా నలుబది రెండేండ్లపాటు నగరము చెఱువునీటిని ఉన్నదున్నట్లే త్రాగెను!

వీథిదీపము వెలుగలేదన్నను, కాలువ కదలలేదన్నను, కొళాయి ఎండినదన్నను పౌరుడు తట్టదగిన తలుపు తన పేట సభ్యునిదే. సభ్యుడు అడుగవచ్చును, వాదింపవచ్చును. పనిచేయించు అధికారము మాత్రము ప్రభుత్వము నియమించిన అధ్యక్షునిది. 1884 చట్టము ననుసరించి ముప్పది ఇద్దరు సభ్యులలో ఇరువది నలుగురిని పన్ను చెల్లించు పౌరులు ఎన్నుకొనిరి. 1904 చట్టము సభను ముప్పది ఆర్గురికి పెంచి, పౌరులెన్నుకొను స్థానములను ఇరువదికి తగ్గించెను. సభ పెరిగినది, పౌరుని గొంతు తగ్గినది. ఇట్టి సభకు ఏండ్లతరబడి పోయి కూర్చుండుటకు ఓర్పు కావలెను. అన్నేండ్లలోను శెట్టిగారు తప్పిన సమావేశము ఒక్కటే యని చెప్పుదురు.

ఆ సభలోనే ఆయనకు డాక్టరు టి. ఎం. నాయరుతో వైరము వచ్చెను. తిరువల్లిక్కేణి పార్థసారథిస్వామి కోనేటి వ్యవహారమున ఇరువురును ఎదురుబొదురుగా నిలిచిరి. చాలకాలము ఎడమొగము పెడమొగముగా ఉన్న ఆ ఇరువురిని కలిపినవాడు నటేశ మొదలియారు. 1916 నవంబరులో వారు కూడి పెట్టిన సంఘమే తరువాత జస్టిసు పార్టీగా ప్రసిద్ధమైనది. అంతవరకు కాంగ్రెసువాదిగా ఉన్న శెట్టిగారు దానికి దూరమైరి. స్వరాజ్యోద్యమము పొంగుచున్న దినములలో ఆంగ్ల ప్రభుత్వముతో సఖ్యము నెరపిన ఆ పక్షము చాలమంది తెలుగువారికి రుచింపలేదు. ఆ అరుచికి కారణము లేకపోలేదు. కాని ఆ రాజకీయముల తెరచాటున ఆయన చేసిన పురపాలనము మరుగున పడుట మాత్రము న్యాయము కాదు.

1919 చట్టముతో సభ తన అధ్యక్షుని తానే ఎన్నుకొను హక్కు పొందెను. అట్లు ఎన్నికైన తొలి అనధికార అధ్యక్షుడు త్యాగరాయ శెట్టిగారే. ముప్పది యేండ్లకు పైగా అడుగువాడుగా ఉన్నవాడు ఇప్పుడు జవాబు చెప్పవలసినవాడైనాడు. నగరపు పాఠశాలలలో పిల్లలు నిలుచుట లేదు. థౌజండు లైట్సు పేటలోని కార్పొరేషను బడి పిల్లలు కడు పేదలనియు, ఆ పేదరికమే బడి సంఖ్యను తగ్గించుచున్నదనియు ఆయన సభకు విన్నవించిరి. 1920 సెప్టెంబరు 16వ తేదీన సభ అంగీకరించెను: ఆ బడి పిల్లలకు పగటిపూట ఫలాహారము పెట్టవలెను, ఖర్చు తలకు దినమునకు ఒక్క అణా మించరాదు. అణా అనగా రూపాయిలో పదునారవ వంతు. తరువాత మరి నాలుగు బడులకు ఆ ఏర్పాటు విస్తరించెను.

ఆ యేటి చివరనే శాసనసభ ఎన్నికలు జరిగి జస్టిసు పక్షము గెలుపొందెను. మంత్రివర్గము ఏర్పరుపుమని గవర్నరు విలింగ్డను పిలిచినది శెట్టిగారినే. ఆయన ఒల్లననిరి. సుబ్బరాయలు రెడ్డియారును, 1921లో పుత్తూరునకు పొరుగైన కాళహస్తికి చెందిన పానగల్లు రాజా రామరాయణింగారును ప్రధాన మంత్రిపదవి నధిష్ఠించిరి. పిలిచి పీట వేసిన పదవిని కాదని, కొళాయిల లెక్క చూచు పీఠముననే ఉండిపోయినవారు మన చరిత్రలో ఎందరు?

అణా ఫలాహారము ఫలితము లెక్కలలో కనబడుచున్నది. 1922-23లో ఆ అయిదు బడులలోని పిల్లలు 811 మంది. 1924-25 నాటికి 1671 మంది. రెండేండ్లలో రెట్టింపైనది. బియ్యపుగింజ బలపము కన్న ముందు పిల్లవానిని బడికి రప్పించునని పేదల ఇండ్లలో అందరికి తెలిసినదే. కచేరీలకు తెలియుటకు మాత్రము అంకెలు కావలెను. అంకెలుండియు ప్రయోజనము లేకపోయెను. ప్రాథమిక విద్యానిధినుండి తిండికి వెచ్చించుట చెల్లదని ప్రభుత్వము ఆక్షేపించెను. 1925 ఏప్రిల్ 1వ తేదీనుండి బడులలో ఫలాహారము నిలిచిపోయెను.

అదే నెల 28వ తేదీన శెట్టిగారు కాలధర్మము చెందిరి. అప్పటికి డెబ్బది మూడేండ్లు నిండి ఒక్క దినము. మాంబళము చెఱువును పూడ్చి కట్టుచున్న క్రొత్తపేటకు ఆయన పేరు నిలిచెను. ఫలాహారము మాట మాత్రము సభలో ఆగలేదు. సభ్యులు మరల మరల అడిగిరి. 1927లో ఇరువది అయిదు బడులలో వేయిమంది పేదపిల్లలకు మరల పెట్ట మొదలిడిరి.