ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (1803 మే 15 - 1899 జూలై 24) బ్రిటిషు సైనికాధికారి, నీటిపారుదల ఇంజనీరు. ధవళేశ్వరం వద్ద గోదావరిపై ఆనకట్ట నిర్మించి గోదావరి డెల్టాను సస్యశ్యామలం చేసినవాడుగా తెలుగువారికి చిరస్మరణీయుడు. పన్ను రేటు పెంచకుండా పంటను పెంచి ప్రభుత్వ ఆదాయం పెంచవచ్చునని లెక్కలతో వాదించిన ఆర్థిక ఆలోచనాపరుడు కూడా. ఆయన జీవితంలో ఈ రెండవ పార్శ్వం తక్కువగా ప్రచారంలో ఉంది.

బాల్యం, తొలి ఉద్యోగం

కాటన్ ఇంగ్లండులో హెన్రీ కాల్వెలీ కాటన్ దంపతులకు జన్మించాడు. ఈస్టిండియా కంపెనీ సైనిక విద్యాలయంలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరాడు. 1821లో భారతదేశానికి వచ్చాడు. తంజావూరు ప్రాంతంలో కావేరిపై చోళుల కాలంనాటి కల్లణైని పరిశీలించి, ఇసుక పునాదిపై ఆనకట్ట నిలబెట్టే విధానాన్ని దాని నుండి నేర్చుకున్నాడు. 1836లో కొల్లిడం నదిపై ఆనకట్టలు కట్టించాడు. వాటి తరువాత తంజావూరులో సాగు, శిస్తు రెండూ పెరిగాయి. అనారోగ్యం వలన సెలవుపై వెళ్ళి, 1841లో టాస్మేనియాలో ఎలిజబెత్ లియర్మంత్‌ను వివాహమాడాడు.

నాటి రాజమండ్రి జిల్లా, పన్నుల స్థితి

1832-33 నాటి డొక్కల కరువు, 1839 నాటి కోరంగి ఉప్పెన గోదావరి ప్రాంతాన్ని కుంగదీశాయి. ప్రకృతితో పాటు పన్నుల విధానం కూడా ఈ దుస్థితికి కారణమయింది. చాలా గ్రామాలలో శిస్తును ఊరి మొత్తానికి కట్టేవారు. ఒక రైతు చెల్లించలేని మొత్తం తోటి రైతులపై పడేది. పంట బాగుంటే మరుసటి ఏడు శిస్తు పెరుగుతుందన్న భయంతో బావి త్రవ్వడానికి, గట్టు వేయడానికి రైతు వెనుకాడేవాడు. మొతుర్ఫా అనే వృత్తి పన్ను మగ్గంపైన, చేతిపనుల పైన కూడా పడేది. నరసాపురం సమీపాన గల మాధవాయపాలెం వంటి చోట్ల కంపెనీ బట్టల కొనుగోలు 1830 ప్రాంతంలో ఆగిపోయింది. ఇంగ్లండు మిల్లు బట్ట చవకగా దిగుమతి కాగా, ఇక్కడి నేతగాడు మాత్రం మగ్గానికి పన్ను కడుతూనే ఉన్నాడు. ప్రభుత్వం నియమించిన హెన్రీ మాంట్‌గొమరీ 1844లో ఈ జిల్లా క్షీణతపై నివేదిక సమర్పించి, నీటిపారుదల అవసరాన్ని నొక్కి చెప్పాడు.

ధవళేశ్వరం ఆనకట్ట

కాటన్ తన ప్రతిపాదనలను 1844, 1845 సంవత్సరాలలో ప్రభుత్వానికి పంపాడు. ఆనకట్టపై పెట్టే సొమ్ము ఖర్చు కాదని, పెట్టుబడి అని ఆయన వాదన. తంజావూరు అనుభవాన్ని ఇందుకు ఆధారంగా చూపాడు. అనుమతి లభించిన తరువాత 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఈ కట్టడం ఉండేది. వీణెం వీరన్న ఈ నిర్మాణంలో ముఖ్య సహాయకుడు. 1850లలోనే వైనతేయ పాయపై గన్నవరం వద్ద అక్విడక్టు నిర్మించారు. వైనతేయ, వశిష్ట పాయల మధ్యనున్న దీవికి, అనగా నేటి రాజోలు, మలికిపురం ప్రాంతాలకు గోదావరి నీరు దీనిమీదుగానే చేరింది. వశిష్ట ఒడ్డున ఉన్న దిండి ఈ దీవిలోని గ్రామమే. 2000లో దాని స్థానంలో కొత్త అక్విడక్టు ఏర్పడింది. దానికి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

పన్నులు, ధరలపై ఆలోచనలు

కాటన్ దృష్టిలో కాలువ సాగునీటికే కాక రవాణాకు కూడా పనికిరావాలి. బండిపై కంటే పడవపై సరకు చాలా తక్కువ ఖర్చుతో చేరుతుంది కనుక ధాన్యం, కొబ్బరి, ఉప్పు ధరలలో రవాణా ఖర్చు తగ్గుతుంది. ఈ కారణంగా రైలుమార్గాల కంటే కాలువలకు ప్రాధాన్యమివ్వాలని కోరాడు. 1854లో భారతదేశంలోని ప్రజాపనులపై ఒక గ్రంథం ప్రచురించాడు.

అయితే కాలువ మిగిల్చినదంతా రైతు ఇంటికి చేరలేదు. 1865 చట్టం ద్వారా మద్రాసు ప్రభుత్వం నీటి తీరువా వసూలును స్థిరపరచింది. మొతుర్ఫా 1861లో రద్దయినా, ఉప్పు పన్ను 1882లో మణుగుకు 2 రూపాయలకు తగ్గి, 1888లో రెండున్నర రూపాయలకు పెరిగింది. ఉప్పు పేదవాడూ ధనికుడూ దాదాపు సమానంగా వాడే వస్తువు కనుక, ఈ భారం ఆదాయాన్ని బట్టి చూస్తే కూలి కుటుంబంపైనే ఎక్కువ.

విమర్శలు

కాటన్ లెక్కలు అన్నిచోట్లా ఫలించలేదు. ఆయన సమర్థించిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, ప్రభుత్వ హామీతో తుంగభద్ర నుండి కర్నూలు-కడప కాలువ త్రవ్వింది. అక్కడి నల్లరేగడి రైతులు డబ్బిచ్చి నీరు తీసుకోవడానికి ఆశించినంతగా ముందుకు రాలేదు. కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వం కాలువను కొనవలసి వచ్చింది. ఒకే విధమైన నీటి రుసుము వరి పండే డెల్టాలో రాబడి తెచ్చి, మెట్టసీమలో విఫలమయింది. 1878లో పార్లమెంటు సంఘం ఎదుట కాటన్ సాక్ష్యమిచ్చినా, సంఘం ఆయన పథకాలను అంగీకరించలేదు. అదే కాలంలో 1876-78 మహా కరువు దక్షిణాదిని కబళించగా, గోదావరి డెల్టా తాను నిలిచి ఇతరులకూ ధాన్యం పంపగలిగింది.

చివరి దశ, వారసత్వం

1861లో కాటన్‌కు సర్ బిరుదు లభించింది. 1899లో ఇంగ్లండులోని డోర్కింగులో మరణించాడు. కుమార్తె లేడీ హోప్ ఆయన జీవితచరిత్ర వ్రాసింది. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి పూర్తయిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది.

నీటికి ఎంత వసూలు చేయాలన్న ప్రశ్న మాత్రం ఆయనతో ముగియలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1996-97లో నీటి తీరువాను మూడు రెట్లకు పైగా పెంచి, 1997లో చట్టం ద్వారా నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. 2011లో పెట్టుబడి ఖర్చులు, గిట్టని ధర, మురుగునీటి ముంపు కారణంగా కోనసీమ రైతులు సార్వా పంటకు విరామం ప్రకటించారు. నీరు పుష్కలంగా ఉన్నా పంట గిట్టకపోతే సాగు సాగదని ఆ సంఘటన చూపింది. నేడు కోనసీమలోని అనేక గ్రామాలలో కాటన్ విగ్రహాలు కనిపిస్తాయి.