రక్తపరీక్ష రిపోర్టులో మన సుబ్బారావు

హంసలదీవిలో ఉన్నా, బందరులో ఉన్నా, షుగర్‌తో పాటు కిడ్నీ జబ్బు ఉన్నవారి ఇంట్లో రెండు మాటలు తరచూ వినిపిస్తాయి. ఒకటి క్రియాటినిన్‌, రెండోది ఫాస్ఫరస్‌. ఈ రెంటికీ, మందుల షాపులో దొరికే ఫోలిక్‌ యాసిడ్‌ మాత్రకూ ఒక తెలుగువాడితో సంబంధం ఉంది. ఆయనే డాక్టర్‌ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. గుడివాడలో రైలెక్కితే చేరుకునే ఊరే. చిన్న వయసులోనే తండ్రి పోయారు. మద్రాసు మెడికల్‌ కాలేజీలో చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది ఆంగ్లేయ ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌ పట్టా మాత్రమే చేతికొచ్చింది. తిన్నది ఒంటపట్టనివ్వని స్ప్రూ వ్యాధి ఆయన ఇద్దరు సోదరులను బలి తీసుకుంది. 1922లో బోస్టన్‌ చేరి, ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు.

అక్కడ 1925లో సైరస్‌ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1927లో కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను ఇద్దరూ వెలుగులోకి తెచ్చారు. కండరాల్లోని ఈ పదార్థం నుంచే రోజూ కొంత క్రియాటినిన్‌ తయారవుతుంది. దాన్ని బయటకు పంపే పని కిడ్నీలది. అవి నెమ్మదిస్తే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. మీ డాక్టరు ఆ అంకె చూసేది అందుకే.

1940లో సుబ్బారావు లెడర్లీ కంపెనీలో చేరారు. ఆయన బృందం 1945లో ఫోలిక్‌ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకూ, ఒక రకం రక్తహీనతకూ అది వరమైంది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు. మళ్లీ స్వదేశానికి రానేలేదు.

అలాంటి విటమినే కదా, ఎంత మింగినా మేలే అనుకోకండి. షుగర్‌ వల్ల కిడ్నీలు దెబ్బతిన్న 238 మందిపై కెనడాలో జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. కొందరికి రోజూ 2.5 మిల్లీగ్రాముల ఫోలిక్‌ యాసిడ్‌, దానితో పాటు బి6, బి12 ఎక్కువ మోతాదులో ఇచ్చారు. ఇవ్వనివారి కంటే వారిలోనే కిడ్నీల పనితీరు వేగంగా తగ్గింది. గుండెపోటు, పక్షవాతం వంటివీ ఎక్కువయ్యాయి. లోపం ఉందని డాక్టరు రాసిన మాత్ర వేరు, మనంతట మనం కొనుక్కునే మాత్ర వేరు. రాసిచ్చినది మానకండి, రాయనిది మొదలుపెట్టకండి.

తిండి విషయంలోనూ అంతే. ఎండుచేపలు, ఆవకాయ వల్ల ఉప్పు పెరుగుతుంది. కూల్‌డ్రింకు కోలాల్లో చక్కెరే కాదు, ఇట్టే ఒంటబట్టే ఫాస్ఫరస్‌ కూడా ఉంటుంది. రక్తంలో పొటాషియం ఎక్కువగా ఉన్నవారికి కొబ్బరినీళ్లు కూడా ప్రమాదమే.

మరో సంగతి. మెంతులో, కషాయమో మొదలుపెట్టాక షుగర్‌ ఉన్నట్టుండి తగ్గితే సంబరపడకండి. కిడ్నీలు బలహీనపడితే ఇన్సులిన్‌ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, కొన్ని మాత్రలూ అంతే. షుగర్‌ పడిపోయి చెమటలు, వణుకు, మగత రావచ్చు. అప్పుడు మందు మోతాదు మార్చాల్సింది డాక్టరే. ఈసారి వెళ్లేటప్పుడు రిపోర్టుతో పాటు ఇంట్లో వాడుతున్న పొడులు, మాత్రల డబ్బాలు కూడా సంచిలో వేసుకెళ్లి చూపించండి.