పరుపు కింది ఉక్కు: గ్రాహంబెల్ జీవితంలో ఒక వేసవి

ద్వారకానగర్‌లో మా వీధి చివర ఒక పాత పెంకుటింటిని పడగొట్టి, అంతస్తుల భవనానికి పునాదులు తీస్తున్న రోజులవి. మట్టి మోస్తున్న ఒక కూలి అమ్మాయి ముక్కుపుడక ఆ మట్టిలో జారిపోయింది. పెళ్ళినాడు తల్లి పెట్టిన పుడక. ఆమె కంటనీరు చూడలేక మా మిత్రులిద్దరు చెరొక మెటల్ డిటెక్టరు తెచ్చారు. ఒకటి వెడల్పాటి చుట్ట గలది, రెండవది చిన్నది. పెద్దది పెట్టిన చోటల్లా మోగింది. తవ్విన చోటల్లా మేకులు, బైండింగు తీగ ముక్కలు, తుప్పు పట్టిన చువ్వల ముక్కలు! చిన్నది కొంత నయమనిపించినా, అదీ పుడకను చూపలేదు. చివరకు మేమంతా కూర్చుని మట్టిని జల్లెడ పట్టాము. పొద్దువాలే వేళకు పుడక దొరికింది. ఇంతటి యంత్రాలు ఇనుము మధ్య ఎందుకు తికమకపడతాయన్న ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు. దాని జాడ వెదుకుతూ పోగా, టెలిఫోను కనిపెట్టిన మహనీయుని జీవితంలోని ఒక విషాద ఘట్టం వద్దకు చేరాము.

అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1847 మార్చి 3న స్కాట్లండులోని ఎడిన్‌బరోలో జన్మించాడు. తండ్రి ఉచ్చారణశాస్త్రంలో దిట్ట. మాట పలికేటప్పుడు నాలుక, పెదవుల కదలికలను గుర్తులతో చూపే ఒక లిపిని రూపొందించినవాడు. తల్లికి వినికిడి చాలా తక్కువ. శబ్దమే వృత్తిగా గల తండ్రికీ, శబ్దం అందని తల్లికీ నడుమ పెరిగిన ఆ బాలునికి జీవితమంతా శబ్దంతోనే ముడిపడింది. క్షయవ్యాధి 1867లో ఒక తమ్ముణ్ణి, 1870లో అన్నను తీసుకుపోయింది. మిగిలిన ఒక్క కొడుకునైనా దక్కించుకోవాలని తల్లిదండ్రులు ఆ ఏడే కెనడాకు తరలిపోయారు. మరుసటి సంవత్సరం బెల్ అమెరికాలోని బోస్టను నగరంలో బధిర బాలబాలికలకు మాటలు నేర్పే ఉపాధ్యాయుడైనాడు. ఐదేళ్ళ వయసులో జ్వరంవల్ల వినికిడి పోగొట్టుకున్న మేబెల్ హబ్బర్డు అక్కడే ఆయనకు శిష్యురాలై, 1877లో సహధర్మచారిణి అయింది. టెలిఫోను కథ పాఠకులెరిగినదే. 1876 మార్చి 7న పేటెంటు లభించింది, మూడు రోజులకు తీగపై మొదటి మాట వినిపించింది. ఎలీషా గ్రే అనే మరొక శాస్త్రజ్ఞుడు కూడా ఆ ఫిబ్రవరి 14నే తన పత్రాలు దాఖలు చేయడంతో చెలరేగిన వివాదం నేటికీ పూర్తిగా చల్లారలేదు.

1881 జూలై 2న వాషింగ్టను రైల్వేస్టేషనులో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డుపై గీటో అనే వ్యక్తి కాల్పులు జరిపాడు. ఒక గుండు చేతిని ఒరుసుకుపోయింది. రెండవది వీపు కుడివైపున దిగి దేహంలో ఎక్కడో నిలిచిపోయింది. ఎక్స్ కిరణాలు వెలుగు చూడడానికి ఇంకా 14 ఏళ్ళున్నవి. వైద్యులు గాయంలోకి వేళ్ళూ, శలాకలూ పెట్టి వెదికారు. చేతులు శుద్ధి చేసుకోవాలన్న లిస్టరు బోధ వారిలో చాలామందికి తలకెక్కలేదు. గుండు తీయడం అటుంచి, ఆ వెదుకులాటే చీము పట్టించింది.

ఈ సంగతి పత్రికలలో చదివిన బెల్ మనసు ఊరుకోలేదు. దేహాన్ని కోయకుండానే లోపలి సీసాన్ని పసిగట్టవచ్చునని ఆయన తలచాడు. డేవిడ్ హ్యూస్ 1879లో ప్రకటించిన ప్రేరణ తులనే దీనికి ఆధారం. తెగుతూ కలుస్తూ ఉండే విద్యుత్తును ఒక తీగచుట్టలో ప్రవహింపజేస్తే ప్రక్కచుట్టలోనూ విద్యుత్తు పుడుతుంది. చుట్టలను తగిన విధంగా సరితూచితే ఆ రెండింటి ప్రభావం ఒకదానినొకటి రద్దు చేసుకుని, చెవి దగ్గర పెట్టుకున్న టెలిఫోను మౌనంగా ఉంటుంది. ఏదైనా లోహం దాపునకు రాగానే త్రాసు ఒరిగి సన్నని రొద వినిపిస్తుంది. చిక్కేమిటంటే, సీసం విద్యుత్తును ప్రవహింపజేసే శక్తి రాగితో పోలిస్తే పన్నెండవ వంతు మాత్రమే. కనుక దాని పలుకు బహు బలహీనం. ఇనుము అలా కాదు. విద్యుద్వాహకం కావడమే గాక అయస్కాంత గుణం కూడా ఉండడంతో చిన్న మేకైనా పెద్ద గొంతుతో పలుకుతుంది.

సహచరుడు టెయింటరుతో, ఖగోళశాస్త్రజ్ఞుడు సైమన్ న్యూకంబు సలహాలతో బెల్ రాత్రింబవళ్ళు శ్రమించాడు. మాంసపు ముక్కలలో గుండ్లు దాచి వెదికాడు. అంతర్యుద్ధంలో తగిలిన గుండ్లను ఇంకా ఒంట్లోనే మోస్తున్న మాజీ సైనికులపై పరీక్షించాడు. జూలై 26న అధ్యక్ష భవనంలో తొలి ప్రయత్నం జరిగింది. ఒక పరికరాన్ని తీగలకు తప్పుగా కలపడంవల్ల పనికిమాలిన గరగర తప్ప మరేమీ వినబడలేదు. ఆగస్టు 1న మరల వెళ్ళాడు. ఈసారి కుడివైపున కొంత విశాలమైన ప్రదేశంలో సన్నని శబ్దం వినిపించింది. గుండు కుడివైపే ఉన్నదని ముందే నిశ్చయించుకున్న ప్రధాన వైద్యుడు బ్లిస్ దానిని తన అభిప్రాయానికి సాక్ష్యంగా ప్రకటించాడు. ఎడమవైపు వెదకనివ్వనూ లేదు.

బెల్‌కు తృప్తి కలుగలేదు. ఒకేచోట పలకవలసిన సీసం అంత విస్తారంగా ఎందుకు పలికింది? మరునాడు విచారించగా, రోగి పడుకున్న గుర్రపువెంట్రుకల పరుపు కింద ఉక్కుతీగల అల్లికతో చేసిన మరొక పరుపు ఉన్నదని తెలిసింది. ఆ పరుపే ఆయనను మోసగించిందన్న కథ నేటికీ ప్రచారంలో ఉన్నది. కాని అసలు వృత్తాంతం ఇంతకంటె గంభీరమైనది. బెల్ సరిగ్గా అటువంటి పరుపే తెప్పించి పరీక్షించాడు. పడక అంతటి వైశాల్యంతో పోలిస్తే శబ్దం వచ్చిన చోటు చిన్నది కనుక, తప్పు ఉక్కుది కాకపోవచ్చునని నిర్ణయించుకున్నాడు. తన వైఫల్యానికి నెపం సిద్ధంగా చేతికందినప్పుడు దానిని విడిచిపెట్టగలవారు ఎందరు? మా దృష్టిలో బెల్ గొప్పతనం టెలిఫోనుకంటె ఇక్కడే ఎక్కువగా కనబడుతున్నది.

ఆగస్టు 15న ఆయనకు పుట్టిన మగశిశువు ఎడ్వర్డు ఊపిరాడక ఆనాడే కన్నుమూశాడు. ఆ దుఃఖంలోనుంచే ఆయన కృత్రిమంగా శ్వాస నడిపించే ఒక కవచాన్ని రూపొందించాడు. సెప్టెంబరు 19న గార్ఫీల్డు మరణించాడు. శవపరీక్షలో గుండు వెన్నెముకకు ఎడమప్రక్కన, క్లోమం వెనుక, లోతున కనబడింది. తన యంత్రానికి అందనంత లోతున అది ఉన్నదని బెల్ 1882లో మాంట్రియల్‌లో శాస్త్రజ్ఞుల సభలో చదివిన పత్రంలో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. యంత్రం అందుకోగల దూరమెంత అని పరీక్షించి చూసిన వివరం ఆ పత్రంలో ఉన్నది.

నేటి యంత్రాలలో కొన్ని, లోహం బదులు పలికే క్షణపు ఆలస్యాన్ని బట్టి ఇనుమును వేరుపరచగలవు. కాని మేకూ, పుడకా ఒకే చుట్ట కిందకు వచ్చినప్పుడు రెండు పలుకులూ కలిసిపోతాయి. ఇనుమని త్రోసిపుచ్చిన దానితోపాటు బంగారమూ పోతుంది. వెడల్పాటి చుట్ట లోతుకు అందుతుంది గాని ఒకేసారి ఎక్కువ మేకులను తన కిందికి తెచ్చుకుంటుంది. చిన్న చుట్ట లోతు కోల్పోయి, విడదీసే నేర్పు సంపాదిస్తుంది. అందుకే రెండు యంత్రాలను పోల్చేవారు ఒక నాణెం చుట్టూ మేకులను కొలిచిన దూరాలలో ఉంచి, నాలుగు దిక్కులనుంచీ చుట్టను త్రిప్పి చూస్తారు. శుభ్రమైన ఇసుకలో గెలిచిన యంత్రం అక్కడ ఓడిపోవడం కద్దు. మన భీమిలి తీరపు నల్లయిసుకలో ఇల్మెనైటు వంటి ఇనుప ఖనిజాలున్నవి కనుక, అక్కడ మేకు లేకపోయినా చిక్కే. అన్నట్లు, భూమిలో పాతిపెట్టిన నిధి పది రూపాయలకు మించినదైతే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం విధిస్తున్నది. యంత్రం కొనదలచిన మిత్రులు దీన్ని మరువరాదు.

బెల్ నిర్దోషి అని మేమనము. బధిరులకు సంజ్ఞాభాష వద్దనీ, పెదవుల కదలిక చూసి మాట్లాడటమే నేర్పాలనీ ఆయన పట్టుబట్టాడు. బధిరులు పరస్పరం వివాహమాడడం గురించి 1883లో ఆయన వెలిబుచ్చిన భయాలను ఆ సమాజం నేటికీ క్షమించలేదు. అయితే చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లరుకు గురువు లభించే మార్గం చూపినవాడూ ఆయనే. ఆమె తన ఆత్మకథను ఆయనకే అంకితమిచ్చింది.

చివరి రోజులను ఆయన కెనడాలోని నోవాస్కోషియాలో గాలిపటాలతో, విమానాలతో, నీటిపై పరుగులెత్తే పడవలతో గడిపాడు. 1922 ఆగస్టు 2న అక్కడే కన్నుమూశాడు. అంత్యక్రియల వేళ అమెరికా, కెనడాలలో టెలిఫోనులన్నీ ఒక నిమిషంపాటు మూగవోయినవి. ఐదు నెలలు తిరిగిందో లేదో, 1923 జనవరిలో మేబెల్ కూడా వెళ్ళిపోయింది. ఆ కొండపైనే ఇద్దరి సమాధీ ఉన్నది.